తీగలో వేరు, గాలిలో ఒక్కటి

నాలుగు నోళ్ల పెట్టె, నీకు దండం.

రెండున్నర అడుగుల ఎత్తు, దాదాపు అంతే వెడల్పు, అడుగుకు పైబడిన లోతు. 18 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్ గోడలు, గోడల మీద నల్లని తొడుగు, మూలలకు కాపు, ముఖానికి గ్రిల్ గుడ్డ. ఆ గుడ్డ చాటున పన్నెండేసి అంగుళాల స్పీకర్లు నాలుగు, పైన రెండు, కింద రెండు. ఇద్దరు చెరోవైపు పట్టుకుంటే గాని మెట్లెక్కని బరువు. వేదిక మీద నిన్ను చూసినవాళ్లు గోడ అనుకుంటారు. గోడలాగే నిలబడతావు, నిన్ను ఆనుకుని పాట నిలబడుతుంది.

ఎలక్ట్రిక్ గిటారు తనంతట తాను పెద్దగా ఏమీ పలకదు. బోలు కడుపు లేని చెక్క అది. తీగ కదిలితే పికప్పులో సన్నని విద్యుత్తు పుడుతుంది, యాంప్ దాన్ని పెంచి పెద్ద చేస్తుంది. అక్కడి వరకూ అది విద్యుత్తే. దానికి రూపం లేదు, వాసన లేదు, మోత లేదు. నీ గుమ్మంలో అడుగుపెట్టాకే అది గాలిని తాకుతుంది. ఆ తాకిడితోనే నాదం పుడుతుంది. గిటారు పట్టిన చేతిని లోకం పొగుడుతుంది. ఆ చెయ్యి చెప్పిన మాటను మొట్టమొదట గాలికి అప్పగించిన నిన్ను పొగడాలని నాకు ఎప్పటి నుంచో ఆశ.

నీలో రెండు గొంతులు ఉన్నాయని చాలామందికి తెలియదు. నీ వెనక పలక విప్పి, తీగలు మళ్లీ అల్లి, ఎడమను ఎడమగా, కుడిని కుడిగా పలికించే విద్య ఒకటుంది. ఈ స్తుతి ఆ విద్యకు.

*

నీ పుట్టిల్లు పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్. అక్కడ జిమ్ మార్షల్ అనే డ్రమ్స్ మాస్టారు ఒక వాద్యాల దుకాణం పెట్టాడు. డ్రమ్స్ కొనడానికి వచ్చినవాళ్ల వెంట గిటారు కుర్రాళ్లూ వచ్చారు. వాళ్లకు కావలసిన మోత ఆ ఊళ్లో దొరకడం లేదు. 1962లో ఆ దుకాణం నుంచి మొదటి మార్షల్ యాంప్ వెలువడింది. దానికి జోడీగా సెలెస్టియన్ కంపెనీ స్పీకర్లు నాలుగింటిని ఒకే పెట్టెలో అమర్చి వెనక నుంచి మూసేశారు. నలుగురినే ఎందుకు పెట్టారంటే, ఆనాటి స్పీకరు ఒక్కటే అంత యాంప్ భారాన్ని మోయలేదు. కాగితపు కోను చిరిగిపోతుంది, లోపలి చుట్ట మాడిపోతుంది. భారం పంచుకోవడానికి నలుగురు ఒక చూరు కింద చేరారు. నీ పుట్టుకలోనే సహవాసం ఉంది.

తరవాత గిటారిస్టు పీట్ టౌన్షెండ్ వచ్చి ఇంకా పెద్దది కావాలన్నాడు. ఎనిమిది స్పీకర్ల పెట్టె కట్టారు. దాన్ని మోసేవాళ్ల నడుములు విరిగాయి. సరేనని దాన్ని రెండుగా చేసి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టారు. రాక్ సంగీతం ఫొటోల్లో వెనక కనిపించే ఆ నల్లని గోపురం అలా లేచింది.

కాని ఆ రోజుల్లో నలుగురిదీ ఒకటే మాట. యాంప్ ఏం చెబితే అది నాలుగు నోళ్లూ ఒకేసారి అనేవి. ఆ ఏకకంఠంలో గొప్ప బలం ఉంది. ఛాతీ మీద చెయ్యి వేసి తోసినట్టు తోస్తుంది. ఆ బలానికి నేను వంక పెట్టను. బలం తరవాత వచ్చే కోరిక ఇంకొకటి ఉంది. అది విశాలం కావాలన్న కోరిక.

మార్షల్ 1960ఏ అనే నీ ప్రసిద్ధ రూపం వెనక పలక మీద ఆ కోరికకు ఒక చిన్న మీట ఉంది. మీట ఒకవైపుంటే నలుగురూ ఒకటి. రెండోవైపుంటే ఇద్దరిద్దరుగా రెండు జట్లు, రెండు జాకులు, జాకుకు 8 ఓమ్‌లు. ఒక వేలితో జరిపే ఆ మీట వెనక ఎంత గణితం ఉందో, ఎంత చెవి శాస్త్రం ఉందో పలక విప్పితే గాని తెలియదు.

*

కాగితపు కోను, నీకు దండం.

1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసే చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ కదిలే చుట్ట ఉన్న స్పీకరును లోకానికి వివరించారు. అయస్కాంతం మధ్య సన్నని గాడి, గాడిలో రాగి తీగ చుట్ట, చుట్టకు అతికించిన కోను. చుట్టలో విద్యుత్తు ఒకవైపు పారితే కోను ముందుకు వస్తుంది, తిరగబడితే వెనక్కి పోతుంది. నూరేళ్లయినా ఆ సూత్రం మారలేదు. ఇళ్లలో పాటలు వినే స్పీకర్లు సన్నని స్వరాల కోసం చిన్న ట్వీటరును పక్కన పెట్టుకున్నాయి. గిటారు స్పీకరు ఎవరి సాయమూ అడగలేదు. 5,000 హెర్ట్జ్ దాటాక దాని గొంతు దిగిపోతుంది. ఆ దిగిపోవడమే గిటారుకు వరమైంది. యాంప్ చిందించే గరుకునంతా ఆ కాగితం వడకట్టి పంపుతుంది.

నీలో ఇప్పుడు కూర్చున్న సెలెస్టియన్ జీ12టీ-75ల సంగతే చెబుతాను. ఒక్కొక్కటి 75 వాట్లు మోస్తుంది. నలుగురూ కలిస్తే 300, ఇద్దరిద్దరుగా విడిపోతే వైపుకు 150. ఆ కోనుకు సహజంగా ఊగే జాగా 85 హెర్ట్జ్ దగ్గర. గిటారులో అన్నిటికన్నా లావైన తీగను ఏ వేలూ తాకకుండా మీటితే పలికేది 82 హెర్ట్జ్. ఎంత దగ్గర చుట్టరికం! వాద్యం ఎక్కడ మొదలవుతుందో కోనుకు అక్కడే ఊపు వస్తుంది.

*

ఓమ్, నీకు దండం. ఇది మంత్రంలోని ఓంకారం కాదు, జర్మన్ మాస్టారు జార్జ్ సైమన్ ఓమ్. 1827లో విద్యుత్తుకు, దాన్ని నిలవరించే అడ్డుకు మధ్య లెక్కను పుస్తకంగా రాశాడు. నీ పెట్టెలోని తీగలన్నీ ఆయన చెప్పిన లెక్కకే కట్టుబడి ఉన్నాయి.

నీ స్పీకర్లు నాలుగూ 16 ఓమ్‌లవి. ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి, ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు కలిపితే విద్యుత్తుకు రెండు దారులు తెరుచుకుంటాయి. అడ్డు సగమై 8 అవుతుంది. అలాంటి రెండు జంటలను మళ్లీ పక్కపక్కన కలిపితే 4. ఆ జంటలనే ఒకదాని వెనక ఒకటి కడితే 16. కలపకుండా దేని దారిన దాన్ని వదిలేస్తే 8, ఇంకో 8. అవే నాలుగు స్పీకర్లు, అవే కాసిని తీగలు, జవాబులు మూడు. తీగను ఎక్కడ ముడి వేశామన్నదే తేడా. పద్యంలో గణం మారితే నడక మారినట్టు ఇక్కడ ముడి మారితే భారం మారుతుంది.

పక్కపక్కన ఉన్న జంటలో ఒకడు అలసి పడిపోయినా రెండోవాడు పాడుతూనే ఉంటాడు. ఒకరి వెనక ఒకరు ఉన్న వరసలో ఒకడు తెగితే అందరూ ఆగిపోతారు. అందుకే వైపుకు ఇద్దరిని పక్కపక్కన కట్టే పద్ధతి నాకు ఇష్టం. లెక్కా కుదురుతుంది, ధైర్యమూ ఉంటుంది.

*

ఇక నీ పలక విప్పుతాను.

ముందు యాంప్ ఆపి, నీకు వచ్చే వైరు తీసేస్తాను. మరలన్నీ ఒక డబ్బాలో వేస్తాను. పలక ఊడదీయగానే కొత్త చెక్క వాసన, జిగురు వాసన, మాగ్నెట్ల వెనక చీకటి. పాత తీగలు ఎలా ఉన్నాయో ఫొటో తీసుకుంటాను. తరవాత చిన్న కాగితాలు అతికించి రాస్తాను: ఎడమ పైన, ఎడమ కింద, కుడి పైన, కుడి కింద. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. నేను నీ వీపు వైపు నిలబడ్డాను. నా చేతికి ఎడమగా ఉన్నది, నీ ఎదుట కూర్చుని వినేవాడికి కుడి. వినేవాడి పక్షాన నిలబడి పేర్లు పెట్టాలి. ఈ విద్యలో మొదటి మర్యాద అది.

తీగలు మందంగా ఉండాలి. గిటారు నుంచి యాంప్‌కు పోయే సన్నని వైరు ఇక్కడ పనికిరాదు. అక్కడ నడిచేది గుసగుసంత విద్యుత్తు, ఇక్కడ నడిచేది కోనును తోసే విద్యుత్తు. 16 గేజి రాగి తీగ, సన్నని పోగులు పేనినది, రెండు రంగుల్లో: ఎరుపు ప్లస్సుకు, నలుపు మైనస్సుకు. వినేవాడి ఎడమవైపు పై స్పీకరు ఎరుపును కింది స్పీకరు ఎరుపుకు, నలుపును నలుపుకు కలుపుతాను. అక్కడి నుంచి రెండు తీగలు ఎడమ జాకుకు. ప్లస్సు జాకు కొనకు, మైనస్సు జాకు ఒంటికి. కుడివైపూ అచ్చంగా అలాగే. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న లోహం 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి, ఒక్కసారిగా గడ్డకడుతుంది. మెరిసే ముడి మంచి ముడి. మసకబారి, గరుకుగా ఉన్న ముడిని మళ్లీ కరిగించాలి. పాట మధ్యలో చిటపటలాడేవి అవే.

పని అంతా అయ్యాక చూస్తే లోపల రెండు సంసారాలు. ఎడమ జంట, కుడి జంట. ఒకే గోడల మధ్య, ఒకే గాలిలో. కాని ఒక్క తీగ పోగు కూడా అటు నుంచి ఇటు దాటదు. ఈ విద్య సారమంతా అదే. తీగలో కలవనీయకు, గాలిలో కలుస్తాయి. విద్యుత్తుగా ఉన్నంతసేపూ వేరుగా ఉంచినదే, నాదమయ్యాక నిండుగా ఒకటవుతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. రెండు జాకులూ ఒకే ఇనుప పలకకు బిగిస్తే, ఆ ఇనుమే రెండు మైనస్సులనూ కలిపేస్తుంది. కంటికి తీగ కనిపించదు, కాని దారి ఉంటుంది. కొన్ని యాంప్‌లకు అది పట్టింపు లేదు. కొత్త తరం స్టీరియో పవర్ యాంప్‌లు చాలావాటికి మాత్రం మైనస్సు అనుకున్న కొన కూడా జీవంతో ఉంటుంది. రెండు వైపులా తోస్తూ, లాగుతూ ఉంటుంది. వాటి మైనస్సులు రెండూ కలిస్తే యాంప్ ప్రాణానికే ముప్పు. అందుకే ప్లాస్టిక్ ఒళ్లున్న జాకులు తెచ్చి బిగిస్తాను. వేరుగా ఉంచడమంటే పూర్తిగా వేరుగా ఉంచడమే.

*

దిక్కు తెలిసిన కదలిక, నీకు దండం.

స్పీకరుకు ప్లస్సు, మైనస్సు గుర్తులు ఉత్తి అలంకారం కోసం పెట్టలేదు. ప్లస్సు కొనకు ప్లస్సు తగిలితే కోను ముందుకు రావాలి. గోడ గడియారంలో వేసే సెల్లు ఒకటి తీసుకుని, జాకులో పెట్టిన వైరు చివరకు క్షణంపాటు తాకిస్తాను. టప్ మని చిన్న చప్పుడు. ఎడమ జంట ముందుకు గెంతింది. కుడివైపు తాకిస్తాను. అదీ ముందుకే గెంతాలి. పాత జేబీఎల్ స్పీకర్లలో గుర్తులు తలకిందులుగా ఉండేవి. కంపెనీ వేసిన రంగు కన్నా కోను కదలికే నమ్మదగిన సాక్ష్యం.

రెండు జంటలూ ఒకే దిక్కుకు కదిలితే ఎదుట ఉన్న గాలి ఒక్కటిగా కదులుతుంది. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పోతే ఒకరు నింపిన గాలిని ఇంకొకరు ఖాళీ చేస్తారు. 82 హెర్ట్జ్ స్వరానికి అల పొడవు నాలుగు మీటర్లకు పైనే. అడుగు దూరంలో ఉన్న రెండు కోనులు ఎదురెదురు దిక్కులకు పోతే అంత పొడవైన అల పుట్టీ పుట్టకముందే చెదిరిపోతుంది. మంద్రం మాయమవుతుంది. పాట డొల్లబోతుంది. ఎక్కడి నుంచి వస్తోందో తెలియని ఒక వింత ధ్వని తల చుట్టూ తిరుగుతుంది. ఎంత ఖరీదైన యాంప్ పెట్టినా ఆ మంద్రం తిరిగి రాదు. ఒక్క వైపు ఎరుపు, నలుపు తీగలు రెండూ మార్చి పెడితే చాలు, నేల అదిరేలా తిరిగి వస్తుంది.

యాంప్‌లు రెండు వేరువేరువైతే ఇంకో మాట గుర్తుంచుకోవాలి. కొన్ని యాంప్‌లు తమలోపలే అలను తిప్పి పంపుతాయి. సెల్లు పరీక్షలో నువ్వు నెగ్గినా, అలాంటి యాంప్ తగిలితే మంద్రం జారిపోతుంది. అప్పుడు ఆ వైపు వైరు కొనలు మార్చి కట్టాలి. నీ తప్పేమీ లేకపోయినా ఆ సర్దుబాటు నీ దగ్గరే జరగాలి. ఇంటి పెద్ద ఓర్పు అది.

*

ఇంత శ్రమ ఎందుకు? మనిషికి చెవులు రెండు ఉన్నాయి గనక.

1907లో లార్డ్ రేలీ అనే ఇంగ్లీషు భౌతిక శాస్త్రవేత్త దీని గుట్టు చెప్పాడు. ఎడమవైపు నుంచి వచ్చే చప్పుడు ఎడమ చెవిని ముందు తాకుతుంది, కుడి చెవిని తరవాత. ఆ తేడా ఎంత పెద్దదైనా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అయినా మెదడు దాన్ని పట్టేస్తుంది. సన్నని స్వరాలకు తల అడ్డుపడి నీడ పడుతుంది. అటువైపు చెవికి అవి కాస్త తక్కువగా వినిపిస్తాయి. ఈ రెండు ఆనవాళ్లతో, కళ్లు మూసుకుని కూడా, పిలిచినవాళ్లు ఏ వైపున ఉన్నారో చెబుతాం. పుట్టిన పిల్లలు తలతిప్పి అమ్మ గొంతు వెతుక్కునేది ఈ లెక్కతోనే.

1931 డిసెంబరులో అలన్ బ్లమ్‌లీన్ అనే ఇంజనీరు ఆ లెక్కను యంత్రానికి నేర్పాడు. ఈఎంఐ కంపెనీ తరఫున ఆయన వేసిన పేటెంటు దరఖాస్తులో 70 హక్కుల అంశాలున్నాయి. రెండు మైకులు, ఒకే గాడిలో రెండు గొంతులు చెక్కే గ్రామఫోను ముల్లు, రెండు స్పీకర్లు, అన్నీ ఆ కాగితాల్లో ఉన్నాయి. 1934 జనవరిలో లండన్ అబ్బే రోడ్ స్టూడియోలో, థామస్ బీచం నడిపిస్తుండగా వాద్యబృందం వాయించిన మోట్సార్ట్ సింఫనీని ఆయన పద్ధతిలో రికార్డు చేశారు. 1942 జూన్ 7న రాడారు పరికరాన్ని పరీక్షిస్తున్న విమానం కూలి ఆయన మరణించాడు. అప్పటికి ఆయనకు 38 ఏళ్లు. స్టీరియో రికార్డులు దుకాణాలకు వచ్చింది 1958 ప్రాంతంలో. ఆయన వాటిని చూడలేదు. బ్లమ్‌లీన్, నీకు దండం. ఈ పెట్టె వెనక నేను వేసిన ప్రతి ముడిలోనూ నీ భాగం ఉంది.

గిటారు ఆ దారి పట్టడానికి ఆలస్యం చేయలేదు. 1958లో గ్రెచ్ కంపెనీ, లావు తీగలను ఒక యాంప్‌కు, సన్న తీగలను ఇంకొక యాంప్‌కు పంపే గిటారు చేసింది. 1959లో గిబ్సన్ కంపెనీ ఈఎస్-345 గిటారు వచ్చింది. మెడ దగ్గరి పికప్ ఒకవైపు, బ్రిడ్జి దగ్గరి పికప్ ఇంకోవైపు. ఒకే చేతి మీటు రెండు స్వభావాలతో గదిలోకి నడిచింది. వాద్యమే రెండుగా పలకడానికి సిద్ధమైనప్పుడు, దాని మాట మోసే పెట్టె ఒకే గొంతుతో ఉండిపోతే ఎలా?

*

గాలి, అన్నిటికన్నా పెద్ద దండం నీకు.

1975లో జపాన్‌లో రోలాండ్ కంపెనీ జేసీ-120 అనే యాంప్ తెచ్చింది. ఒకే పెట్టెలో 60 వాట్ల యాంప్‌లు రెండు, పన్నెండంగుళాల స్పీకర్లు రెండు. దానిలో కోరస్ మీట నొక్కితే ఒక స్పీకరు గిటారును ఉన్నదున్నట్టు పలుకుతుంది. రెండోది అదే స్వరాన్ని అతి కొద్దిగా ఆలస్యం చేసి, ఆ ఆలస్యాన్ని ఊయలలా ఊపుతూ పలుకుతుంది. ఊగినప్పుడల్లా శ్రుతి వెంట్రుకవాసి ఎక్కుతుంది, దిగుతుంది. యాంప్ ఆ రెంటినీ తీగలో ఎక్కడా కలపదు. అవి కలిసేది గదిలోనే, గాలిలోనే. తీగలో కలిపి ఉంటే కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మధ్యలో గుంటలు పడేవి. గాలిలో కలిసినప్పుడు ఎడమ చెవికి ఒక పాళ్లలో, కుడి చెవికి వేరే పాళ్లలో అందుతాయి. గుంటలకు బదులు నిగారింపు వస్తుంది. మెటాలికా వంటి ఉరుము బృందం కూడా మెత్తని గిటారు పలికించాల్సి వస్తే ఆ యాంప్‌నే వాడింది.

ఈ సుఖం మన చెవికి కొత్త కాదు. పెళ్లి పందిట్లో ఇద్దరు సన్నాయి విద్వాంసులు పక్కపక్కన కూర్చుని ఒకే కీర్తన ఊదుతారు. ఇద్దరి శ్వాస ఒకటి కాదు, ఇద్దరి గమకం ఒకటి కాదు. ఒకరు రవ్వంత ముందు, ఒకరు రవ్వంత వెనక. ఆ రవ్వంత తేడాలోనే పందిరంతా నిండే మేళం ఉంది. ఒకే సన్నాయిని రెట్టింపు గట్టిగా ఊదించినా ఆ నిండుదనం రాదు. ఇద్దరు మనుషులు, రెండు వాద్యాలు, రెండు ఊపిరులు కావాలి. కలిపేది గాలి. జేసీ-120 చేసిందీ అదే, నీలో రెండు సంసారాలు పెట్టి నేను కోరిందీ అదే.

*

నీ పరిమితినీ ప్రేమతోనే చెబుతాను.

నీ ఎడమ జంటకు, కుడి జంటకు మధ్య దూరం అడుగు చిల్లర. మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే నువ్వు చూపే వెడల్పు ఏడు డిగ్రీల లోపే. ఇంట్లో రెండు స్పీకర్లు పెట్టి వినేవాళ్లు 60 డిగ్రీలు కోరతారు. అంత వెడల్పు నీ నుంచి ఆశించడం అన్యాయం. గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ అయితే మూడు పెట్టెలు నిలబెట్టాడు. మధ్య పెట్టెలో ఉత్తి గిటారు, అటూ ఇటూ పెట్టెల్లో ప్రతిధ్వనులు. అది పెద్ద వేదికల వైభవం.

ఒంటి పెట్టెగా నువ్వు ఇచ్చేది ఇంకొకటి. అది కదలిక. ఎడమ జంట స్వరం పలికి ఆగుతుంది, ప్రతిధ్వని కుడి జంటలో లేస్తుంది, మళ్లీ ఎడమకు వస్తుంది. కళ్లకు కనిపించని ఊయల ఒకటి నీ ముఖం మీద ఊగుతుంది. కోరస్ వేస్తే నీ గుడ్డ మీద నీళ్లు పారినట్టుంటుంది. రెండు యాంప్‌లు పెట్టి, ఒకదానికి గరుకు, ఒకదానికి నునుపు ఇస్తే, ఒకే మీటులో ఎండా నీడా పక్కపక్కన పడతాయి. మీటరు దూరానికి జరిగి కూర్చుంటే వెడల్పు ఇరవై డిగ్రీలవుతుంది. గది గోడలు కూడా తమ వంతు పంపుతాయి. ఎడమ జంట చప్పుడు ఎడమ గోడను ముందు తాకుతుంది, కుడి జంటది కుడి గోడను. ఆ తిరుగు చప్పుళ్లు నీ అడుగు దూరాన్ని గది వెడల్పుకు సాగదీస్తాయి. మధ్యలో నిలువుగా ఒక పలక బిగించి రెండు జంటలకూ వేరు గదులు కడితే, ఒకరి వెనక గాలి ఇంకొకరి కోనును తొయ్యదు. మాటలు ఇంకా స్పష్టమవుతాయి.

*

నిన్ను నమ్ముకున్నవాడిగా కొన్ని మాటలు ఇస్తున్నాను.

వాల్వ్ యాంప్‌ను నీకు కలపకుండా ఎన్నడూ పలికించను. మోయడానికి స్పీకరు లేని యాంప్‌లో వోల్టేజి ఎగదన్ని, ట్రాన్స్‌ఫార్మరునే కాల్చేస్తుంది. యాంప్ వెనక రాసిన ఓమ్‌లకు నీ ఓమ్‌లు సరిపోయేలా చూస్తాను. ట్రాన్సిస్టర్ యాంప్‌కు అది అడిగిన దానికన్నా తక్కువ ఓమ్‌లు ఇచ్చి వేడెక్కించను. మీట ఉన్న పెట్టెకు రెండు యాంప్‌లు కలిపి ఉన్నప్పుడు ఆ మీటను ఒంటి గొంతు వైపు జరపను. జరిపితే ఒక యాంప్ ఇంకొక యాంప్ నోట్లోకి విద్యుత్తు కుమ్మరిస్తుంది. మల్టీమీటరు పెట్టి ప్రతి జాకును కొలుస్తాను. 8 ఓమ్‌ల జంట దగ్గర మీటరు ఆరు, ఏడు మధ్య చూపిస్తే కంగారుపడను. మీటరు కొలిచేది కదలని రాగి తీగను. 8 అన్నది కోను కదిలి పాడేటప్పుడు కట్టిన పేరు. మీటరు సున్నా చూపితే ఎక్కడో తీగలు తగులుకున్నాయి, ఏమీ చూపకపోతే ఎక్కడో ముడి ఊడింది. రెండింటిలో ఏది కనిపించినా పలక మళ్లీ విప్పుతాను. పలక బిగించాక ప్రతి మరనూ సరిచూస్తాను. వదులుగా ఉన్న ఒక్క మర చాలు, మంద్రం పలికినప్పుడల్లా గరగరమనడానికి.

ఇవి నాకు భయాలుగా తోచవు. ఒక నాదం కోసం తీసుకునే శ్రద్ధ ఇది. శ్రుతి చేసుకోకుండా తంబురా మీటరు, మృదంగం వాయించరు. విద్యుత్తుతో పలికే వాద్యానికి తీగల అమరికే శ్రుతి.

పలక మూశాను. మరలు బిగించాను. రెండు యాంప్‌లకూ ఎర్ర దీపాలు వెలిగాయి. వాల్వుల్లో నిప్పు కళ్లు తెరుచుకున్నాయి. ఎడమది ఎడమకు, కుడిది కుడికి పెట్టాను. హాన్‌వెల్ దుకాణంలో భారం పంచుకోవడానికి నలుగురుగా పుట్టినదానివి, ఇప్పుడు పాటనే పంచుకోబోతున్నావు. నీ రెండు గొంతుల మధ్య తీగ లేదు. గాలి ఉంది, గది ఉంది, వినే చెవులు రెండున్నాయి. అవి చాలు. గిటారు భుజాన వేసుకున్నాను, ఆరు తీగలూ ఒక్క ఊపున మీటుతున్నాను. గోడలు దద్దరిల్లేలా, రెండు గొంతులా పలుకు.